దూరంగా ఉన్న రెండు కంప్యూటర్లు, తక్కువ ఖర్చు: రాగి తీగా, గాజు తీగా?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ ప్రశ్న ఎక్కువగా మూడు చోట్ల నుంచి వస్తుంది. రైసుమిల్లులో గేటు దగ్గర వేబ్రిడ్జి గదిలో ఒక కంప్యూటర్, లోపల ఆఫీసులో ఇంకొకటి. రొయ్యల గుంటల గట్టు మీద షెడ్డులో ఒకటి, ఊళ్లో ఇంటి దగ్గర ఇంకొకటి. చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో కోత యంత్రాల పక్కన ఒకటి, రోడ్డు వారగా ఉన్న ఆఫీసులో ఇంకొకటి. అందరూ అడిగేది ఒకటే: నెలనెలా ఎవరికీ కట్టే పని లేకుండా, ఒక్కసారి తీగ లాగి రెండింటినీ కలిపేయాలంటే ఏది చౌక?

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఒకే కప్పు కింద, తొంభై మీటర్ల లోపు అయితే అసలైన రాగితో చేసిన లాన్ కేబుల్. రెండు వేర్వేరు భవనాల మధ్య అయినా, దూరం వంద మీటర్లు దాటినా ఫైబర్, అంటే సంకేతాన్ని వెలుగుగా మోసే గాజు తీగ. మిగతా దారులు ఉన్నాయి, వాటికీ వేళలు ఉన్నాయి. అయితే అవి చాలామందికి అవసరపడవు. ఒకప్పుడు ఫైబర్ అంటే టెలిఫోన్ శాఖ సంగతి అనుకునేవాళ్లం. ఇప్పుడు మీటరు లెక్కన చూస్తే సన్న ఫైబర్ తీగ మంచి రాగి కేబుల్ కంటే చాలా తక్కువకు దొరుకుతుంది. దానికి అతుకు వేసే మనిషి కోసం హైదరాబాద్ వైపు చూడాల్సిన పని కూడా లేదు. కేబుల్ టీవీ ఆపరేటర్లు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టాక, ఏపీ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా పల్లెలకు ఫైబర్ లాగాక, స్ప్లైసింగ్ యంత్రం ఉన్న కుర్రాడు దాదాపు ప్రతి మండల కేంద్రంలోనూ దొరుకుతున్నాడు.

ముందు టేపు పట్టుకోండి

'ఎంత దూరం?' అని అడిగితే 'ఒక ఎనభై మీటర్లు ఉంటుంది' అంటారు. అది కంటితో చూసిన దూరం. ఫోనులో మ్యాప్ చూసి చెప్పేది కూడా కాకి ఎగిరే దారి దూరమే. తీగ అలా వెళ్లదు. కంప్యూటర్ బల్ల నుంచి గోడ ఎక్కి, కిటికీ మీదుగా బయటికి వచ్చి, ప్రహరీ వెంట తిరిగి, అవతల మళ్లీ దిగి బల్ల దాకా రావాలి. ఎనభై మీటర్లన్నది ఈ లెక్కలో నూట పదికి సులువుగా చేరుతుంది. తీగ నడిచే దారిలోనే మీరూ నడిచి, టేపుతో కొలిచి, పైన పదో వంతు కలపండి. ఈ ఒక్క అంకె చేతిలో లేకుండా దుకాణానికి వెళితే, అక్కడ ఏ సరుకు మిగిలి ఉంటే అదే మీకు సరిపోతుందని చెబుతారు.

దూరంతో పాటు ఇంకో మూడు సంగతులు రాసుకోండి. దారి మధ్యలో ఎక్కడైనా కరెంటు ఉందా? రెండు చివరలూ ఒకే మీటరు, ఒకే ఎర్తింగ్ మీద ఉన్నాయా? అసలు అటూ ఇటూ పంపాల్సింది ఏమిటి: తూకం అంకె, టాలీ లెక్కలు, కెమెరా బొమ్మలు, లేక ఇవన్నీనా? ఎంపికను తేల్చేవి ఇవే.

వంద మీటర్ల గీత ఎందుకు

మనం లాన్ కేబుల్ అనే రాగి తీగలో నాలుగు జతలు ఉంటాయి. ప్రమాణం ప్రకారం ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి మొత్తం వంద మీటర్లే. అందులో గోడల్లో, పైపుల్లో స్థిరంగా ఉండేది తొంభై. రెండు చివర్లా పరికరాలకు తగిలించే మెత్తని పొట్టి తీగలకు (ప్యాచ్ కార్డులు) పది. దూరం పెరిగే కొద్దీ సంకేతం సన్నగిల్లుతుంది, పక్క జతల గోల దాన్ని కమ్మేస్తుంది. గాలికి ఎదురుగా గట్టు మీద నుంచి పిలిచినట్టే. పిలుపు వినబడుతుంది, మాట అర్థం కాదు.

నూట ఇరవై మీటర్లు లాగితే పనిచేయదా? చాలాసార్లు పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. లాగిన రోజు బాగానే ఉంటుంది; ఎండ ముదిరి తీగ వేడెక్కినప్పుడు దాని నిరోధం పెరిగి, మధ్యాహ్నం పూట లింకు తెగుతూ అతుకుతూ ఉంటుంది. ఎవరికీ కారణం అంతుపట్టదు, కంప్యూటర్ పాడైందనుకుంటారు. కొత్తగా వేసే లైనును ఆ గీత దాటి వేయడం నాకు ఇష్టం ఉండదు.

లాన్ కేబుల్ రకాల్లో క్యాట్ 5ఈ వేయాలా, క్యాట్ 6 వేయాలా అన్న మీమాంస మన అవసరానికి పెద్దది కాదు. రెండూ వంద మీటర్ల దాకా ఒక గిగాబిట్ వేగం మోస్తాయి. క్యాట్ 6 మీద పది గిగాబిట్లు కూడా వెళతాయి, కానీ యాభై అయిదు మీటర్ల లోపే; మిల్లు లెక్కలకు ఆ వేగంతో పని లేదు. అంకె కంటే లోపలి లోహం ముఖ్యం.

ఈ లోహం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. బజారులో సగం ధరకు వచ్చే 305 మీటర్ల పెట్టెలో ఉండేది రాగి కాదు, పైన సన్నగా రాగి పూత వేసిన అల్యూమినియం. వ్యాపారంలో దాన్ని సీసీఏ అంటారు. అల్యూమినియంలో కరెంటు ప్రవాహం రాగిలో అయ్యేదానిలో దాదాపు మూడింట రెండు వంతుల లోపే. అందుకే సీసీఏ తీగ వంద మీటర్ల ప్రమాణాన్ని నమ్మకంగా అందుకోదు. అదే తీగ మీద కెమెరాకు కరెంటు కూడా పంపితే అవతలి చివర వోల్టేజీ చాలక రాత్రి లైట్లు వెలిగే వేళకు కెమెరా ఆగిపోతుంది. రెండుసార్లు వంచితే చాలు, కొనకు ప్లగ్ బిగించిన (క్రింపింగ్) దగ్గర పుటుక్కున తెగుతుంది. సముద్రపు గాలి తగిలే ఇందుకూరుపేట, ముత్తుకూరు, కొత్తపట్నం లాంటి చోట్ల పూత లేచిన దగ్గర తెల్లటి బూజు పట్టి ఇంకా త్వరగా చెడుతుంది.

పోల్చుకోవడం కష్టం కాదు. తీగ చివర బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. పెట్టె ఎత్తి చూడండి. రాగి పెట్టె చేతికి బరువు తెలుస్తుంది, సీసీఏ పెట్టె తేలిగ్గా లేస్తుంది. పెట్టె మీద ఎంత పెద్ద అక్షరాలతో క్యాట్ 6 అని రాసి ఉన్నా, బిల్లు మీద 'పూర్తి రాగి' అని రాయించుకోండి. రాయడానికి దుకాణదారు వెనకాడితే అక్కడితో మీకు జవాబు దొరికినట్టే.

ఆరుబయట వేసేది అయితే పై తొడుగు కూడా చూడాలి. ఇంట్లో వాడే బూడిదరంగు, నీలం రంగు పీవీసీ తొడుగు మన ఎండకు కొన్నేళ్లలోనే పెళుసెక్కి పగులుతుంది. నీళ్లు దిగితే జతల మధ్య సమతూకం పోతుంది. బయటికి నల్లటి పాలిథిన్ తొడుగు ఉన్న అవుట్‌డోర్ రకం అడగండి.

మధ్యలో స్విచ్ పెడితే?

పెట్టవచ్చు. ఇక్కడ స్విచ్ అంటే లైటు స్విచ్ కాదు, ఒక తీగలో వచ్చిన సంకేతాన్ని అందుకుని ఇంకో తీగలోకి కొత్తగా పంపే చిన్న పెట్టె. అందుకే దాని దగ్గర వంద మీటర్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. నూట అరవై మీటర్లకు మధ్యలో ఒక స్విచ్ చాలు. మిల్లులో అయితే దారి మధ్యలో గోడౌన్ ఉంటుంది, అందులో ప్లగ్ ఉంటుంది. అయిదు పోర్టుల గిగాబిట్ స్విచ్ సుమారు వెయ్యి రూపాయల వస్తువు. అన్ని షెడ్లూ ఒకే మీటరు మీద ఉండి, తీగ ఆరుబయటికి రాకుండా కప్పు కిందే వెళ్లే పక్షంలో నేనూ ఇదే చేయమంటాను.

మూడు వందల మీటర్ల గట్టు వెంట మాత్రం వద్దు. మూడు స్విచ్‌లు, మూడు అడాప్టర్లు, నీళ్లు దూరని మూడు పెట్టెలు, వాటికి కరెంటు. వీటిలో ఏ ఒక్కటి ఆగినా లైను మొత్తం ఆగుతుంది. పైగా ఏది ఆగిందో తెలియాలంటే వానలో గట్టంతా నడవాలి. తీగలోనే కరెంటు పంపే పీఓఈ ఎక్స్‌టెండర్లు వచ్చాయి. ఒకటో రెండో గొలుసుగా వేసి ఒక కెమెరా నడపడానికి పనికొస్తాయి, రోజంతా లెక్కలు నడిచే లైనుకు వాటిని నమ్ముకోలేం.

పిడుగు లెక్క

రెండు భవనాల మధ్య రాగి వద్దనడానికి దూరం కంటే పెద్ద కారణం ఒకటుంది. ఆఫీసుకు ఒక ఎర్తింగ్, గుంటల షెడ్డుకు వేరే ఎర్తింగ్. మామూలు రోజున ఈ రెండింటి మధ్య వోల్టేజీ తేడా కొద్దిగానే ఉంటుంది. దగ్గరలో ఎక్కడో పిడుగు పడితే ఆ నేలలో ఒక్క క్షణం వేల వోల్టుల తేడా పుడుతుంది. రెండు ఎర్తింగుల మధ్య మీరు లాగిన రాగి తీగే దానికి దగ్గరి దారి. కంప్యూటర్ లాన్ పోర్టులో ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్రమాణం ప్రకారం ఉండాల్సిన రక్షణ 1,500 వోల్టులు. అది దాటితే పోర్టు పోతుంది, ఒక్కోసారి మదర్‌బోర్డు కూడా. పిడుగు మీ కప్పు మీద పడక్కర్లేదు. పక్క పొలంలో తాటిచెట్టు మీద పడినా చాలు.

మన దగ్గర ఇది ఊరికే భయపెట్టే మాట కాదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రపు గాలివానలు. ఆ తర్వాత అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో పెద్ద వాటా ఆ మూడు నెలల్లోనే వస్తుంది. హఠాత్తుగా వచ్చే అధిక వోల్టేజీని నేలలోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్లు పెడతాం అంటారు కొందరు. మంచివే, కానీ వాటికి రెండు వైపులా సరైన ఎర్తింగ్ ఉండాలి. చౌకగా లాగుతున్న లైనుకు అంత శ్రద్ధగా ఎర్తింగ్ తవ్వించిన వాళ్లు అరుదు. గాజు తీగలో కరెంటు పారదు కాబట్టి అక్కడ ఈ బెడదే లేదు. కోత యంత్రాల మోటార్లు, రొయ్యల గుంటల నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు పుట్టించే విద్యుత్ గోల కూడా దాన్ని తాకదు. ఫైబర్‌ను ఎంచుకోవడానికి నాకు వేగం కంటే, దూరం కంటే ఇవే ముఖ్యం.

ఫైబర్ లైనుకు ఏమేం కావాలి

కొనాల్సినవి తక్కువే. ఇళ్లకు ఇంటర్నెట్ ఇవ్వడానికి వాడే సన్న నల్ల డ్రాప్ కేబుల్. రెండు చివర్లకూ చెరో మీడియా కన్వర్టర్. ఇది వెలుగును మామూలు లాన్ పోర్టుగా మార్చే అరచేతిలో పట్టే పెట్టె. కన్వర్టర్ నుంచి కంప్యూటర్‌కు ఒక మీటరు లాన్ తీగ. అంతే.

కన్వర్టర్లను జతగా కొనాలి, ఇది మరిచిపోకండి. ఒకే గాజు పోగు మీద అటూ ఇటూ మాట్లాడే రకంలో ఒకటి 1310 నానోమీటర్ల వెలుగు పంపి 1550 అందుకుంటుంది. దాని జోడీ అందుకు తిరగేసి ఉంటుంది. పెట్టెల మీద ఏ, బీ అని రాసి ఉంటుంది. రెండు ఏ పెట్టెలు తెచ్చుకుంటే లైటు వెలగదు, అతుకు చెడిందనుకుని స్ప్లైసింగ్ కుర్రాణ్ని తిట్టుకోవడమే మిగులుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల రకం, గిగాబిట్ రకం రెండూ ఉన్నాయి. ధరలో తేడా పెద్దగా లేదు కాబట్టి గిగాబిట్‌దే తీసుకోండి. రెండు చివర్లా ఒకే రకం ఉండాలి.

సింగిల్ మోడ్, మల్టీ మోడ్ అని రెండు జాతులు కనిపిస్తాయి. మన పనికి సింగిల్ మోడే. డ్రాప్ కేబుల్ అంతా అదే జాతి, కన్వర్టర్లూ దానికే ఎక్కువ దొరుకుతాయి. మామూలు కన్వర్టర్ మీద 20 కిలోమీటర్లు అని రాసి ఉంటుంది. 1310 దగ్గర కిలోమీటరుకు పోయే వెలుగు సుమారు 0.35 డెసిబెల్ మాత్రమే. కాబట్టి మీ మూడు వందల మీటర్లు దానికి లెక్కలోనిది కాదు. ఫైబర్‌లో వెలుగు పోయేది దూరంలో కాదు. మురికి పట్టిన కనెక్టర్‌లో, మెలి తిరిగిన మలుపులో, నాసిరకం అతుకులో.

ఇక్కడ మన ప్రాంతంలో తరచూ జరిగే ఒక తికమక ఉంది. ఇళ్లకు ఇంటర్నెట్ ఇచ్చే కుర్రాళ్ల సంచిలో ఉండేవి ఆకుపచ్చ కనెక్టర్లు. వాటి కొనను ఎనిమిది డిగ్రీల వాలుగా నూరుతారు. మీడియా కన్వర్టర్‌కు కావలసింది సాధారణంగా నీలం కనెక్టర్. దాని కొన తిన్నగా ఉంటుంది. ఆకుపచ్చది నీలం రంధ్రంలో దూరుతుంది కూడా. కానీ రెండు కొనల మధ్య సందు మిగిలి వెలుగు చెదిరిపోతుంది. ఒక్కోసారి లింకు వస్తుంది, వారానికి పోతుంది. పని మొదలుపెట్టకముందే 'రెండు వైపులా నీలం ఎస్‌సీ కనెక్టర్లు కావాలి' అని చెప్పండి.

కొనలు వేయడానికి రెండు పద్ధతులు. చేతితో బిగించే ఫాస్ట్ కనెక్టర్ చౌక, పది నిమిషాల పని. వేడికి, కదలికకు కొన్నాళ్లలో వదులవుతుంది. యంత్రంతో కరిగించి అతికే స్ప్లైసింగ్‌కు కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది, అతికాక దాని జోలికి వెళ్లే పనుండదు. నాలుగు వందల రూపాయల దగ్గర పీనాసితనం పోవద్దు, స్ప్లైసింగే చేయించండి.

ఇప్పుడు లెక్క. దారి 250 మీటర్లు అనుకుందాం. కలుపుకుని 280 మీటర్లు కొనాలి. డ్రాప్ కేబుల్ మీటరు ఎనిమిది రూపాయల చొప్పున సుమారు 2,240. కన్వర్టర్ల జత రెండు వేల ప్రాంతం. స్ప్లైసింగ్, కొనలు, చిన్న పెట్టెలు కలిపి పన్నెండు వందలు. మొత్తం అయిదున్నర వేలు. అదే దూరానికి ఆరుబయట వాడే అసలు రాగి కేబుల్ మీటరు ముప్పై లెక్కన 8,400. పైన రెండు స్విచ్‌లు, వాటి పెట్టెలు, వాటికి కరెంటు. అంకెలు దుకాణాన్ని బట్టి, నెలను బట్టి అటూఇటూ అవుతాయి. రెండింటి వరస మాత్రం మారదు. అరవై మీటర్ల దగ్గర లెక్క తిరగబడుతుంది: రాగికి రెండు వేలలోపు, ఫైబర్‌కు కన్వర్టర్ల ఖర్చే అంత. అందుకే ఒకే కప్పు కింద రాగి అన్నాను.

ఒక పోగు చాలు కదా అని ఒక్క పోగుదే కొనకండి. రెండు పోగుల కేబుల్‌కు మీటరుకు పెరిగేది స్వల్పం. రేపు ఒక పోగు చెడినా, కెమెరాలకు వేరే లైను కావాలన్నా మళ్లీ తవ్వే పని ఉండదు. లాగించే కూలీ, తవ్వే కూలీ కేబుల్ ధరను మించిపోతాయి. దండగ ఖర్చంటూ ఉంటే, తవ్విన గాడిలో మళ్లీ గాడి తవ్వించడమే.

కన్వర్టర్‌కు కావలసింది అయిదు వోల్టుల చిన్న అడాప్టర్. కరెంటు పోతే లైను పోతుంది కాబట్టి రూటర్లకు పెట్టే మినీ యూపీఎస్ రెండు వైపులా పెట్టండి. దాని వోల్టేజీ కన్వర్టర్‌కు సరిపోతుందో లేదో చూసి కొనండి. ఇంకో జాగ్రత్త: ఫైబర్ కొనలో కంటిపెట్టి చూడవద్దు. ఆ వెలుగు కంటికి కనబడదు, అందుకే ప్రమాదం. పోగు బాగుందో లేదో చూడాలంటే ఎర్ర లైటు పెన్నుతో చూస్తారు, దాన్నీ దూరం నుంచే.

దారి ఎలా తీయాలి

స్తంభాల మీదుగా వేలాడదీయడం తేలిక. వేలాడదీసే డ్రాప్ కేబుల్ పక్కనే ఒక ఉక్కు తీగ అంటుకుని ఉంటుంది. బరువు మోయాల్సింది అదే, పోగు కాదు. స్తంభానికి, స్తంభానికి మధ్య నలభై, యాభై మీటర్లు మించనీయకండి. భవనంలోకి తెచ్చే ముందు ఆ ఉక్కు తీగను వేరు చేసి బయట గోడకే కట్టేయాలి, లేకపోతే గాజు తీగ వేసి కూడా పిడుగుకు లోహపు దారి మీరే వేసినట్టవుతుంది. కేబుల్ లోపల బలానికి ఉండే రెండు సన్న కడ్డీలు కూడా ఉక్కువి కాకుండా ఎఫ్‌ఆర్‌పీవి (గాజునార కలిపిన ప్లాస్టిక్‌వి) దొరికితే అవే తీసుకోండి.

విద్యుత్ శాఖ స్తంభాలకు మన తీగ కట్టే హక్కు మనకు లేదు. కేబుల్ టీవీ వాళ్లు కట్టారు కదా అంటే, రేపు లైన్‌మెన్ కత్తిరించినప్పుడు అడగడానికి మీకు మాట ఉండదు. సొంత సరుగుడు కర్రలో, సిమెంటు స్తంభాలో పాతుకోండి. రోడ్డు దాటాల్సి వస్తే అది పంచాయతీదో, రోడ్లు భవనాల శాఖదో తెలుసుకుని అనుమతి అడగాలి. ధాన్యం, గడ్డి ఎత్తుకుని వెళ్లే లారీల ఎత్తు కూడా గుర్తుంచుకోవాలి.

నేలలో వేస్తే గాలివానల బెడద తప్పుతుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మన రెండు జిల్లాల మీద వీచిన గాలిని గుర్తు తెచ్చుకుంటే, తీర మండలాల్లో నేల దారే నయం. హెచ్‌డీపీఈ పైపులో దూర్చి, రెండడుగులకు తగ్గకుండా పూడ్చండి. ప్రకాశం జిల్లా నల్లరేగడిలో ఇంకాస్త లోతు మంచిది; వేసవిలో నేల నెర్రెలు విచ్చి పైపును లాగుతుంది. పైపులో ఒక నైలాన్ తాడు కూడా వేసి ఉంచండి, రేపు ఇంకో తీగ లాగడానికి. గుంటల గట్లను ఏటా జేసీబీతో చెక్కుతారు, కాబట్టి గట్టు అంచున కాకుండా నడిమిన వేసి, మలుపు మలుపునా గుర్తు రాయి పాతండి. గోడౌన్లలో అయితే శత్రువు ఎలుక. అక్కడ పైపు నోళ్లు మూసేయాలి. ఏ తీగనైనా త్రీఫేజు కేబుల్ ఉన్న పైపులోనే దూర్చడం మాత్రం పనికిరాదు. రాగికి గోల, ఫైబర్‌కు వేడి, పనివాడికి ప్రాణాపాయం.

మిగతా దారులు, వాటి వేళలు

పాత ల్యాండ్‌లైన్ తీగ ఒకటి ఇప్పటికే ఈ చివర నుంచి ఆ చివరకు పూడ్చి ఉందా? అయితే వీడీఎస్‌ఎల్ ఎక్స్‌టెండర్ల జత మీకు వరం. ఒక్క జత టెలిఫోన్ తీగ మీద మూడు వందల మీటర్లకు మంచి వేగం, కిలోమీటరుకు కూడా పదుల మెగాబిట్లు ఇస్తాయి. పాత పెద్ద మిల్లుల్లో, ఇంటర్‌కామ్ ఉన్న ఆవరణల్లో ఇలాంటి తీగలు చాలానే నిద్రపోతున్నాయి. కొత్తగా తీగ కొని దీన్ని పెట్టడం మాత్రం అర్థం లేని పని, ఎందుకంటే ఆ పరికరాల జత ధర ఫైబర్ కన్వర్టర్ల కంటే ఎక్కువ; పిడుగు బెడదా అలాగే ఉంటుంది.

వేబ్రిడ్జి సంగతి వేరు. అక్కడ చాలామందికి కావలసింది రెండో కంప్యూటర్ కాదు, తూకం అంకె ఆఫీసుకు చేరడం. తూకం చూపే ఇండికేటర్ వెనక సాధారణంగా ఆర్‌ఎస్-232 అనే పాత తరహా సీరియల్ పోర్టు ఉంటుంది. దాని సంకేతం నమ్మకంగా వెళ్లేది పదిహేను మీటర్లే. రెండు చివర్లా ఆర్‌ఎస్-485 కన్వర్టర్లు పెడితే ఒక మెలితిప్పిన జత తీగ మీద అదే అంకె 1,200 మీటర్లు ప్రయాణిస్తుంది. గేటు గదిలో కంప్యూటరే అక్కర్లేదు. రెండు కన్వర్టర్లు, ఒక జత తీగతో పని ముగుస్తుంది. ఆరుబయట అయితే మధ్యలో విద్యుత్ సంబంధం తెంచే ఐసొలేటెడ్ రకం కన్వర్టర్లు అడగండి.

ఇంట్లో కరెంటు తీగల మీదుగానే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లు మేడ మీది గదికి, కింది గదికి మధ్య బాగానే పనిచేస్తాయి. రెండు వేర్వేరు ఫేజుల మీద, ఏరేటర్ల మోటార్లు తిరిగే చోట వాటిని పెట్టడం డబ్బు నీళ్లలో వేయడమే. పాత కేబుల్ టీవీ కోయాక్సియల్ తీగ మీద కెమెరాలు నడిపే అడాప్టర్లూ ఉన్నాయి. ఆ తీగ ముందే ఉండి, కొత్తది లాగే వీలు లేనప్పుడే. యూఎస్‌బీ తీగను పొడిగించి కలుపుతాం అనేవాళ్లకు ఒకటే మాట: యూఎస్‌బీ 2.0 హద్దు అయిదు మీటర్లు.

తీగే లేకుండా? నడుమ ఏ అడ్డూ లేకపోతే 5 గిగాహెర్ట్జ్ యాంటెనాల జత కిలోమీటర్ల దూరం కలుపుతుంది. 2018 అక్టోబరు నుంచి ఆ పౌనఃపున్యాల్లో చాలా భాగానికి మన దేశంలో లైసెన్సు అవసరం లేదు. వాగు అవతలికో, ఇతరుల పొలం మీదుగానో అయితే అదే దారి. అయితే నెల్లూరు తీరంలో సరుగుడు తోటలు ఎక్కువ. ఈ ఏడాది మొక్కల మీదుగా కనిపించిన షెడ్డు మూడేళ్లకు చెట్ల వెనక దాక్కుంటుంది.

రెండు చోట్లా ఇప్పటికే ఇంటర్నెట్ ఉండి, అప్పుడప్పుడు ఫైళ్లు చూసుకుంటే చాలనుకుంటే అసలు ఏ లైనూ వేయకండి. ఒక కంప్యూటర్‌ను ఇంకోదాని తెర మీద నుంచే నడిపే రిమోట్ డెస్క్‌టాప్ చాలు.

కలిపాక

రెండే కంప్యూటర్లయితే రూటర్ అక్కర్లేదు. నెట్‌వర్క్ సెట్టింగుల్లో ఐపీ అడ్రసుగా ఒకదానికి 192.168.1.10, రెండో దానికి 192.168.1.20, రెండింటికీ సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఇస్తే మాట్లాడుకుంటాయి. ఆ రెండింటిలో ఏదైనా వైఫై ద్వారా ఇంటర్నెట్‌కు కూడా కలిసి ఉంటే, ఆ రూటర్ కూడా 192.168.1 వరసే వాడుతోందేమో చూసుకుని ఇక్కడ 192.168.50 లాంటి వేరే వరస ఇవ్వండి. నేరుగా కలపడానికి క్రాస్ కేబుల్ కావాలన్నది పాత మాట. ఇప్పటి పోర్టులు తామే సర్దుకుంటాయి.

టాలీ కోసమే లైను వేస్తున్నట్లయితే ముందు లైసెన్సు చూసుకోండి. సిల్వర్ ఒక్క కంప్యూటర్‌కే. లాన్‌లో అందరూ వాడాలంటే గోల్డ్ ఉండాలి. తీగకు అయిదు వేలు పెట్టి, లైసెన్సు దగ్గర ఆగిపోయిన వాళ్లు కొందరు కాదు.

పనివాడికి పూర్తి డబ్బు ఇచ్చే ముందు చూడాల్సినవి మూడు. రాగి లైను అయితే కంప్యూటర్‌లో లింకు వేగం 1 గిగాబిట్ అని చూపాలి. రెండు చివర్లా గిగాబిట్ పోర్టులే ఉన్నా 100 మెగాబిట్లు అని చూపితే నాలుగు జతల్లో ఏదో ఒకటి తెగి ఉండొచ్చని అర్థం, ఎందుకంటే 100కు రెండు జతలే చాలు. ఫైబర్ అయితే వెలుగును కొలిచే పవర్ మీటరు పెట్టి రెండు చివర్లా అందే వెలుగు ఎంతో చూపించమనండి, ఆ అంకెను కన్వర్టర్ పెట్టె మీదే రాయించండి. రేపు లైను చెడినప్పుడు కొత్త అంకెను దాంతో పోలిస్తే తప్పు తీగదా, పెట్టెదా తేలిపోతుంది. మూడోది, ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పింగ్ (అవతలి కంప్యూటర్‌ను పలకరించి జవాబు వస్తుందో లేదో చూసే ఆదేశం) ఆపకుండా ఒక రాత్రంతా నడపండి. ఖాళీగా ఉన్న వేళ కాదు. ఏరేటర్లన్నీ తిరుగుతున్నప్పుడు, మిల్లు ఆడుతున్నప్పుడు. తెల్లారి చూస్తే ఒక్క జవాబు కూడా తప్పిపోయి ఉండకూడదు. తప్పిపోయి ఉంటే, మొదట కొనలు శుభ్రం చేయించి మళ్లీ నడపమనండి. ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంటుంది.